భూకంపం గీతలూ, స్టిల్ట్ పార్కింగులూ

2024 డిసెంబర్ 4 ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ములుగు జిల్లా అడవుల్లో 5.3 తీవ్రతతో భూమి కంపించిన నాటి నుంచి వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లో ఒక వాదన ఎడతెగకుండా సాగుతోంది. మన నగరం కింద ఫాల్ట్ లైన్, అంటే భూమి పొరలు చీలి కదిలే భ్రంశరేఖ ఉన్నదా, ఉంటే ఏ కాలనీ కింద నుంచి పోతున్నది, దాని మీద ఎవరి ఇళ్లు ఉన్నాయి అన్నదే ఆ వాదన. ఫ్లాటు కొనబోయేవారు బిల్డరును ఈ ప్రశ్నే అడుగుతున్నారు. బిల్డర్లు దానికి జవాబు సిద్ధంగా పెట్టుకుంటున్నారు. ఎవరు గీశారో తెలియని ఎర్రగీతల మ్యాపులు ఒక వాట్సాప్ గ్రూపు నుంచి ఇంకో గ్రూపుకు తిరుగుతున్నాయి. ఈ విషయం మీద దొరికింది చదివి, తెలిసిన ఇంజినీర్లతో మాట్లాడి, మా చుట్టుపక్కల లేస్తున్న కట్టడాలను చూశాక నాకు ఒక అభిప్రాయం స్థిరపడింది. గీత ఎక్కడుందోనని పడుతున్న ఆరాటంలో నాలుగో వంతు మన ఇళ్ల కింది అంతస్తు గురించి పడినా ఈ నగరం ఇప్పటికంటే ఎంతో భద్రంగా ఉంటుంది. ఎందుకు ఇలా అంటున్నానో వివరంగా చెప్పాలి, ఎందుకంటే అవతలి పక్షం వాదనలోనూ బలమున్నది.

గీత ఉన్నమాట నిజమే

గోదావరి లోయ ఒక పగులు లోయ. కోట్ల ఏళ్ల కిందట ఇటువైపు ధార్వాడ్, అటువైపు బస్తర్ అనే రెండు ప్రాచీన శిలాఖండాల నడుమ నేల చీలి, కుంగి ఏర్పడింది. ఆ కుంగిన చోట పేరుకున్న గోండ్వానా పొరల్లోనే మంచిర్యాల నుంచి మణుగూరు దాకా సింగరేణి తవ్వుతున్న బొగ్గు దొరికింది. అంటే ఉత్తర తెలంగాణకు బతుకుదెరువు ఇచ్చిన బొగ్గూ, ఇప్పుడు భయపెడుతున్న భ్రంశాలూ ఒకే చీలిక నుంచి వచ్చినవి. కిన్నెరసాని-గోదావరి భ్రంశం, కడెం భ్రంశం భూగర్భ శాస్త్రవేత్తలు ఏనాడో పటాల్లో గుర్తించినవే. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో వచ్చిన భూకంపమూ ఈ లోయలోనిదే. కాబట్టి 'దక్కన్ పీఠభూమి గట్టిది, ఇక్కడ భూకంపాలు రావు' అనే పాత మాటను పట్టుకుని వేలాడేవారితో నాకు ఏకీభావం లేదు.

ఈ లోయ మన నగరానికి ఈశాన్యాన ఉన్నది. వరంగల్ నిలబడింది దాని పక్కనున్న పాత గ్రానైటు, నైస్ శిలల మీద. ఆ మేరకు గీత మన కింద లేదని బిల్డర్లు చెబుతున్న మాటలోనూ నిజమున్నది. అయితే నేను అడిగేది వేరు. గీత దగ్గరుందనో దూరముందనో తేలితే మనం చేసే పని ఏమైనా మారుతుందా?

1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున, గణేశ్ నిమజ్జనం ముగించుకుని జనం ఆదమరచి నిద్రపోతున్న వేళ, లాతూరు జిల్లా కిల్లారిలో 6.2 తీవ్రతతో భూకంపం వచ్చింది. దాదాపు 8 వేల నుంచి 10 వేల మంది చనిపోయారని వేర్వేరు లెక్కలు చెబుతాయి. అప్పటి భూకంప పటంలో ఆ ప్రాంతం జోన్ 1, అంటే దేశంలోకెల్లా అతి తక్కువ ప్రమాదమున్న చోటు. అక్కడ ఒక చురుకైన భ్రంశం ఉన్నదని అంతకుముందు ఎవరూ గుర్తించలేదు. ఆ రోజుకు ముందు కిల్లారివాసి ఎవరైనా 'మా ఊరి కింద గీత ఉందా' అని అడిగి ఉంటే, లేదన్న జవాబే వచ్చేది. అక్కడ మనుషులను చంపినవి మట్టితో పేర్చిన మందపాటి రాతిగోడలు, వాటి మీది బరువైన మట్టి కప్పులు.

2001 జనవరి 26 నాటి భుజ్ భూకంపం దీనికి తిరగేసిన ఉదాహరణ. భూకంప కేంద్రానికి 200 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న అహ్మదాబాదులో బహుళ అంతస్తుల భవనాలు కూలి వందల మంది చనిపోయారు. కూలిన వాటిలో ఎక్కువ భాగం కింద పార్కింగుకు ఖాళీ వదిలి, పైన ఫ్లాట్లు కట్టినవి, అంటే స్టిల్ట్ పార్కింగు ఉన్నవి. ఒకే వీధిలో ఒకటి కూలితే పక్కది నిలబడింది. ఆ రెండింటికీ గీత నుంచి దూరం ఒక్కటే. ములుగు భూకంప కేంద్రానికి దగ్గరున్న మేడారం నుంచి వరంగల్‌కు రోడ్డున సుమారు 100 కిలోమీటర్లు. అహ్మదాబాదు దూరంతో పోలిస్తే ఇది సగం కూడా లేదు. గీత మన కాలనీ కింద లేదని తేలినంత మాత్రాన నిశ్చింతగా పడుకోవచ్చని నేను అనుకోలేకపోతున్నది అందుకే.

గనులా, బ్యారేజీలా, చెట్లా

భూపాలపల్లిలో ఉండే మా బంధువు ఒకాయన ఆ ఉదయం సంగతి చెబుతూ, 'నేను ఓసీ బ్లాస్టింగ్ అనుకున్న. మళ్ల పొద్దుగాల్నే బ్లాస్టింగ్ ఏంది అనుకుంట బయటికొచ్చిన' అన్నాడు. ఓపెన్ కాస్ట్ గని పక్కన బతికేవారికి కిటికీ అద్దాలు గలగలలాడటం కొత్త కాదు. ఆ అనుభవం వల్లనే సింగరేణి తవ్వకాలే భూకంపానికి కారణమన్న అనుమానం కోల్‌బెల్టులో బలంగా ఉన్నది. అనుమానాన్ని తోసిపుచ్చకుండా లెక్క చూడాలి. ములుగు భూకంపం సుమారు 40 కిలోమీటర్ల లోతున పుట్టినట్టు నమోదయింది. మన గనుల లోతు వందల మీటర్లలో ఉంటుంది. బ్లాస్టింగ్ వల్ల చుట్టుపక్కల ఇళ్ల గోడలు పగులుతున్నాయన్న ఫిర్యాదు న్యాయమైనదే, దానికి పరిహారం అడగాల్సిందే. ఆ ఫిర్యాదును ఈ భూకంపంతో ముడిపెడితే మాత్రం రెండూ పలచబడతాయి.

జలాశయాల సంగతి ఇంత తేలిక కాదు. నీటి బరువు, రాళ్ల పగుళ్లలోకి దిగే నీరు కలిసి భూకంపాలను ప్రేరేపించగలవని 1967లో మహారాష్ట్రలోని కోయ్నా నిరూపించింది. కాళేశ్వరం వైపు వేలెత్తి చూపినవారు ఊరికే అనలేదు. కానీ కోయ్నా దగ్గరి కంపనాలు తక్కువ లోతులో పుడతాయి. కాళేశ్వరం ప్రాజెక్టులోని మేడిగడ్డ బ్యారేజీ సంగతి చూస్తే, 2023 అక్టోబర్‌లో ఏడో బ్లాకు పిల్లర్లు కుంగిన తర్వాత గేట్లెత్తి నీటిని వదిలేశారు. మళ్లీ నింపని బ్యారేజీలోని నీరు ఏడాది దాటాక 40 కిలోమీటర్ల లోతున భూమిని కదిలించిందంటే నమ్మడం కష్టం. మేడిగడ్డ మీద అడగాల్సిన ప్రశ్నలు వేరే చాలా ఉన్నాయి.

2024 ఆగస్టు 31న తాడ్వాయి అడవిలో పెనుగాలికి సుమారు 50 వేల చెట్లు నేలకూలాయి. నాలుగు నెలలైనా తిరగకముందే అదే చుట్టుపక్కల భూమి కంపించింది. మేడారం గద్దెల దగ్గరి సీసీ కెమెరా దృశ్యాలు చూసి సమ్మక్క-సారలమ్మల భక్తులు ఈ రెండింటినీ కలిపి చదువుకున్నారు. ఆ భక్తిని నేను గౌరవిస్తాను. పైన గాలికి, కింద నలభై కిలోమీటర్ల లోతుకు శాస్త్రరీత్యా సంబంధం లేదని మాత్రం చెప్పకుండా ఉండలేను.

వీటన్నిటికంటే నన్ను కలవరపెట్టింది 2025 ఏప్రిల్‌లో చెలరేగిన జోస్యం. రామగుండం దగ్గర పెద్ద భూకంపం రాబోతున్నదని, హైదరాబాదు దాకా దాని ప్రభావం ఉంటుందని సామాజిక మాధ్యమాల్లో ప్రచారమైంది. అధికారులు ఖండించారు. తీరా మే 5 సాయంత్రం ఉత్తర తెలంగాణ జిల్లాల్లో 3.8 తీవ్రతతో భూమి కదలడంతో 'చూశారా, చెప్పినట్టే అయింది' అన్నవారు నాకు చాలామంది ఎదురయ్యారు. ఎప్పుడో ఒకప్పుడు చిన్న కంపనాలు వచ్చే లోయలో 'త్వరలో వస్తుంది' అని చెప్పడం జోస్యం కాదు. తేదీ, చోటు, తీవ్రత ముందుగా చెప్పగల శాస్త్రం ఈనాటికి ప్రపంచంలో ఎక్కడా లేదు. ఈ జోస్యాల వల్ల జరిగే కీడు భయం ఒక్కటే అయితే నేను ఇంత పట్టించుకోను. చెప్పిన తేదీ గడిచిపోగానే జనం ఆ భయంతో పాటు జాగ్రత్తనూ వదిలేస్తారు. అదే అసలు నష్టం.

రాయి మీద కట్టామన్న ధీమా

వరంగల్ కోటలో ఏకశిల గుట్టను, హన్మకొండలో పద్మాక్షి గుట్టను చూపించి 'మనది రాతి నేల, కదలదు' అనేవారున్నారు. గట్టి రాతి మీద నేరుగా పునాది దిగిన ఇంటికి ఊపు తక్కువే, ఇది నిజం. నగరమంతా రాతి మీదే ఉన్నదా అన్నది చూడాలి. కాకతీయుల కాలం నుంచి గొలుసుకట్టు చెరువులతో పెరిగిన ఊరు ఇది. ఆ చెరువుల శిఖం భూముల్లో, నాలాల ఒడ్డున, ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీరు నిలిచే మట్టం) హద్దు రాళ్లు కనబడకుండా మొరం పోసి చదును చేసిన ప్లాట్లలో ఎన్ని ఇళ్లు లేచాయో 2020 ఆగస్టు వానలు, 2023 జులై వానలు మనకు చూపించాయి. వదులైన పూడిక మట్టీ, నల్లరేగడీ కింది నుంచి వచ్చే ఊపును పెంచుతాయి. అదే కంపనానికి గుట్ట పక్కన ఇంట్లో గిన్నెలు మోగితే, పూడ్చిన కుంట మీది ఇంట్లో గోడలు పగలవచ్చు.

అందువల్ల నాకు భ్రంశరేఖల పటం కంటే వానాకాలం వరదనీరు నిలిచిన కాలనీల పటం ఎక్కువ పనికొచ్చేదిగా కనిపిస్తుంది. ఏ వీధి కింద ఎంత లోతున రాయి తగులుతుంది, ఎంత మందాన పూడిక ఉన్నది అన్నది బోర్లు వేసి, పరీక్షించి పటం గీయవచ్చు. సూక్ష్మ మండలీకరణ అంటారు దాన్ని. ఢిల్లీ, బెంగళూరు వంటి నగరాలకు చేశారు. సివిల్ ఇంజినీరింగు విభాగమున్న ఎన్ఐటీ మన ఊళ్లోనే ఉన్నది. 2041 మాస్టర్ ప్లాన్ అమలుతో పాటు ఈ పని కూడా చేయిస్తే వరదకూ భూకంపానికీ ఒకే పటం ఉపయోగపడుతుంది.

ఇక రామప్ప. ములుగు భూకంపం తర్వాత 'కాకతీయులు ఇసుక పునాది వేశారు, ఆలయం చెక్కుచెదరలేదు' అన్న సందేశాలు లెక్కలేనన్ని వచ్చాయి. 1213 నాటి ఆ నిర్మాణ కౌశలం మీద నాకు అపారమైన గౌరవం ఉన్నది, ఇసుక పునాది కట్టుకథ కాదు. అయినా ఆలయంలో ఎగుడుదిగుడైన నేల మీద నడిచినవారెవరికైనా ఆ పునాది కూడా శతాబ్దాల్లో కదిలిందని అర్థమవుతుంది. వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని రాయి రాయి విడదీసి, మళ్లీ పేర్చి 2024లో తెరవాల్సి వచ్చింది. రామప్ప నిలబడ్డదని మన అపార్ట్‌మెంటు నిలబడుతుందా?

మనుషులు గీసిన గీత

ఇంజినీర్లతో మాట్లాడాక నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచిన గీత వేరొకటి. అది భారతీయ ప్రమాణాల సంస్థ 2016 ప్రమాణంలోని పటంలో జోన్ 2కూ జోన్ 3కూ నడుమ గీసింది. గోదావరి వైపు ప్రాంతాలను జోన్ 3లో ఉంచి, పాత వరంగల్ జిల్లాను కోసుకుంటూ పోతుంది. కట్టడం భూకంపానికి తట్టుకునేలా లెక్కలు చెప్పే ఆ ప్రమాణం, ఐఎస్ 1893లో, ఊపు బలాన్ని సూచించే గుణకం జోన్ 2కు 0.10, జోన్ 3కు 0.16. అంతకంటే పెద్ద తేడా ఇంకొకటి ఉన్నది. కాంక్రీటు కట్టడం ఊపుకు పెళుసుగా విరిగిపోకుండా సాగి నిలబడేలా కడ్డీలు ఎలా అమర్చాలో చెప్పే ఐఎస్ 13920, 2016 సవరణ ప్రకారం జోన్ 3 నుంచి పైకే తప్పనిసరి. గీతకు అటువైపు పిల్లరుకు తప్పనిసరి అయిన జాగ్రత్త, ఇటువైపు పిల్లరుకు ఐచ్ఛికం. దేశమంతటికీ గీసిన పటంలో పెన్సిల్ మందమే కొన్ని కిలోమీటర్లు ఉంటుంది. భూమికి ఆ గీత తెలియదు. జోన్ 1లోని కిల్లారి ఏమైందో చూసిన దేశం మనది. ఆ తర్వాత 2002లో జోన్ 1నే పూర్తిగా ఎత్తివేశారు.

కాబట్టి వరంగల్ ట్రైసిటీలో కట్టే ప్రతి కాంక్రీటు భవనాన్నీ, పటంలో ఎటువైపు పడినా, జోన్ 3 నియమాలతోనే కట్టాలని నా వాదన. ఇందుకు ఢిల్లీ పటాలు ఎప్పుడు ఎలా మారతాయో చూస్తూ ఆగనక్కరలేదు. నగరపాలక సంస్థ, కుడా (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి పత్రాల్లో ఒక షరతు చేర్చితే చాలు.

రింగు కొస

మా వీధి చివర కొత్తగా లేస్తున్న ఒక భవనం దగ్గర సెంట్రింగు పనివాళ్లు కడ్డీలు వంచుతుంటే ఆగి చూశాను. పిల్లర్‌లోని నిలువు కడ్డీలను చుట్టి కట్టే రింగులు అవి. ప్రతి రింగు కొసా లంబకోణంలో, అంటే 90 డిగ్రీల దగ్గర ఆగిపోయి ఉంది. అది 135 డిగ్రీలు వంగి, కొస పిల్లర్ లోపలి కాంక్రీటులోకి దిగాలి. 90 డిగ్రీల దగ్గర ఆపితే మామూలు రోజుల్లో ఏ ఇబ్బందీ లేదు. బలమైన ఊపుకు పైపొర కాంక్రీటు రాలిందంటే ఆ రింగు విచ్చుకుంటుంది. పట్టు వదలగానే నిలువు కడ్డీలు బయటికి ఉబ్బి వంగుతాయి, పిల్లర్ నలిగిపోతుంది.

మేస్త్రీని అడిగాను. ఆయన దాచలేదు. 'అట్ల వంచాల్నని తెలుసు సార్. ఒక్కో రింగుకు ఇంకింత టైం పడ్తది, కడ్డీ కూడ ఎక్కువ పోతది. ఎవ్వరన్న అడిగితె గద. ఇంజినీర్ సాబ్ స్లాబ్ రోజు వస్తడు, అప్పటికి పిల్లర్లు పోసుడు అయిపోతది' అన్నాడు. పిల్లర్ పై చివర, కింది చివర దగ్గర రింగులు మరింత దగ్గరగా కట్టాలన్న సంగతి కూడా ఆయనకు తెలుసు. తెలిసినవాడు చేయకపోవడానికి కారణం అడిగేవాడు లేకపోవడమే. 500 చదరపు మీటర్లలోపు స్థలంలో, 10 మీటర్ల ఎత్తు వరకు కట్టేవారికి స్వీయ ధ్రువీకరణతో అనుమతి ఇచ్చే పద్ధతి 2020 చట్టంతో వచ్చింది. లంచాలు, తిప్పించుకోవడం తగ్గాయి గనుక నేను దాన్ని మంచి మార్పనే అంటాను. కానీ రింగు కొసను ధ్రువీకరించేది ఎవరు?

పాత కేంద్ర కారాగారం స్థలంలో లేచిన 24 అంతస్తుల ఆసుపత్రిని చూపి 'భూకంపం వస్తే దాని గతేమిటి' అని భయపడేవారు ఎక్కువ. నాకు ఆ భయం తక్కువ. ఆసుపత్రుల వంటి ముఖ్య భవనాలకు ప్రమాణమే ఒకటిన్నర రెట్లు ఎక్కువ బలం లెక్కించమంటుంది, అంత పెద్ద కట్టడాన్ని నలుగురు నిపుణులు చూస్తారు. నా బెంగంతా ఎవరూ చూడని మూడు, నాలుగు అంతస్తుల ఇళ్ల గురించి. కింద కార్లకు ఖాళీ, పైన గదులన్నిటికీ ఇటుక గోడలు. గోడలున్న పై అంతస్తులు బిగుసుకుని ఒక్కటిగా కదులుతాయి, గోడలే లేని కింది అంతస్తు మీదే మొత్తం ఒత్తిడి పడుతుంది. తల మీద వడ్ల బస్తా మోస్తున్న మనిషిని ఎవరో తోస్తే ముందు మోకాళ్లే కదా మడుచుకునేది. 2002 నాటి ప్రమాణం ఇలాంటి కింది పిల్లర్లను రెండున్నర రెట్ల బలానికి లెక్కించమన్నది. 2016 నాటిది కాంక్రీటు గోడలో, ఏటవాలు ఊతాలో (బ్రేసింగ్) పెట్టమన్నది. మన వీధుల్లో ఈ రెండిట్లో ఏదైనా పాటించిన స్టిల్ట్ పార్కింగు ఎన్ని ఉన్నాయో ఎవరికి వారు కిందికి దిగి చూసుకోవచ్చు.

ఇంత హడావిడి అవసరమా

ఈ ప్రశ్న నన్ను నేను కూడా వేసుకున్నాను. 5.3కు నగరంలో చెప్పుకోదగ్గ నష్టం జరగలేదు. ఏటా రోడ్ల మీద, వరదల్లో, వడదెబ్బకు పోయే ప్రాణాల ముందు, 1969 తర్వాత యాభై అయిదేళ్లకు వచ్చిన ఒక కంపనానికి ఇంత ప్రాధాన్యం ఎందుకని ఒక మిత్రుడు అడిగాడు. ప్రజాధనం పరిమితమైనప్పుడు ఆ మాటను తేలిగ్గా తీసివేయలేం. పాత ఇళ్లన్నిటినీ బలోపేతం చేయాలని నేను డిమాండ్ చేసి ఉంటే ఆయన వాదనకు తలవంచేవాణ్ణి.

అయితే నష్టం జరగకపోవడానికి ఒక పెద్ద కారణం ఆ లోతు. అదే తీవ్రత పది కిలోమీటర్ల లోతున వచ్చి ఉంటే దగ్గరి ఊళ్ల కథ వేరుగా ఉండేది. కిల్లారిలో విడుదలైన శక్తి ములుగుతో పోలిస్తే ఇరవై రెట్లకు పైనే. ఇక ఖర్చు మాటకొస్తే, కొత్త ఇంట్లో రింగు కొస సరిగా వంచడానికి కావలసింది రింగుకు కొన్ని అంగుళాల కడ్డీ, మేస్త్రీకి కొంత ఎక్కువ కూలి. టైల్స్ ఎంపికలో మనం పెట్టే డబ్బు ముందు అది ఎంత? పేదవాడి రెండు గదుల ఇంటికి కూడా ఇది భారం కాదు. ఊళ్లలో మిగిలిన మట్టిగోడల ఇళ్లకు మాత్రం ప్రభుత్వ సాయం లేకుండా ఏమీ జరగదు, ఇందిరమ్మ ఇళ్ల నమూనాల్లోనే ఈ జాగ్రత్తలను చేర్చడం అందుకు దగ్గరి దారి.

ఉన్న ఇళ్ల సంగతి

మా కాలనీ సంక్షేమ సంఘం దీని మీద ఒక సమావేశం పెట్టింది. రిటైరైన భూగర్భశాస్త్ర అధ్యాపకుడు ఒకాయన పటం పరిచి భ్రంశాలు చూపించారు. రియల్ ఎస్టేట్ వ్యాపారంలో ఉన్నాయన, ఇలాంటి మాటల వల్ల ప్లాట్ల ధరలు పడిపోతాయని కోపగించుకున్నారు. చాలాసేపు గీత ఇటా అటా అన్నదే నడిచింది. చివరికి రెండో అంతస్తులో ఉండే ఒక పెద్దమ్మ లేచి, 'గీత సంగతి మీరు తర్వాత తేల్చుకోండ్రి సార్, మన బిల్డింగు కింద పిల్లర్లు గట్టిగున్నయా లేవా, అది ఎవరు చెప్తరు?' అని అడిగింది. అంతసేపటి చర్చలో పని జరిపించగల ప్రశ్న అదొక్కటే.

దాని ఫలితంగా మా అపార్ట్‌మెంటు వాళ్లం ఒక స్ట్రక్చరల్ ఇంజినీరును పిలిపించాం. కింద తిరిగి చూసి, రెండు మూలల్లో పిల్లర్ల నడుమ కాంక్రీటు గోడలు కట్టే వీలుందని, పిల్లర్ల చుట్టూ కొత్త కాంక్రీటు తొడుగు వేసే జాకెటింగ్ మరో మార్గమని ఆయన చెప్పారు. గోడలు కడితే కొందరి పార్కింగు పోతుంది, ఎవరిది పోవాలన్న దగ్గర మాటామాటా పెరిగింది. అద్దెకిచ్చి హైదరాబాదులో ఉంటున్న ఓనర్లు ఖర్చు పంచుకోవడానికి ఇంకా ఒప్పుకోలేదు. ఇంజినీరు మాత్రం ఏదైనా లెక్క కట్టడానికి ముందు అసలు స్ట్రక్చరల్ డ్రాయింగులు కావాలన్నారు. కట్టినాయన దగ్గర అవి లేవట. అనుమతి కోసం దాఖలు చేసిన ప్రతి కావాలని సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాం, జవాబు ఇంకా రావాల్సి ఉంది.